సస్పెన్షన్‌తో ఇన్‌ఫెక్షన్ ఆగదు

జీఎస్-2లో ఆరోగ్యంపై ప్రశ్న రాగానే మనందరి జవాబూ ఒకటే: జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేయాలి, పడకలు పెంచాలి, బాధ్యులపై కఠిన చర్యలు తీసుకోవాలి. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదే ప్రమాదకరం.

సెంట్రల్ లైన్ సంగతే చూడండి. ఐసీయూలో మెడ, ఛాతీ లేదా తొడ దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం అది. ప్రాణం నిలిపేదీ అదే, శుభ్రత తప్పితే సూక్ష్మజీవుల్ని నేరుగా రక్తంలోకి చేర్చేదీ అదే.

అమెరికాలోని మిషిగన్‌లో పీటర్ ప్రొనోవోస్ట్ బృందం సుమారు వంద ఐసీయూల్లో ఐదు పనులు పట్టుబట్టి చేయించింది: చేతులు కడగడం, గౌను, మాస్కు, స్టెరైల్ షీటు వాడడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, వీలైతే తొడ సిరను వదిలేయడం, అవసరం తీరగానే గొట్టం తీసేయడం. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం, వెయ్యి కాథెటర్ రోజులకు సగటున 7.7 ఉన్న ఇన్‌ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఒక్క మెట్టు తప్పినా డాక్టరును ఆపే అధికారం మాత్రం నర్సుకు ఇచ్చారు.

మన దగ్గర నర్సు అలా ఆపితే మర్నాడు ఆమెకు అండ ఎవరు? ఇన్‌ఫెక్షన్ నమోదు చేస్తే సస్పెన్షనే అని తెలిశాక నమోదు చేసేదెవరు? రిజిస్టరులో సున్నా ఉంటుంది, రోగి మాత్రం ఉండడు.

కావాలని చేసిన నిర్లక్ష్యానికి శిక్ష పడాల్సిందే. కానీ దొరికినవాళ్లను బలిచ్చి ఫైలు మూసేయడం పాలన కాదు. 2018లో కేంద్రం రోగి భద్రతకు జాతీయ అమలు ప్రణాళిక తెచ్చింది. అది మీ నోట్సులో ఉందా? ఈసారి 'కఠిన చర్యలు' కొట్టేసి, 'నిర్భయంగా నమోదు, నర్సుకు ఆపే అధికారం' అని రాయండి. రేపు కుర్చీలో కూర్చున్నాక కూడా అదే గుర్తుంచుకోండి.