యంత్రమునకు ముందు ఇంధనము

ఇంధన ఘటములతో నడచు బస్సులను గూర్చి నేడు ఘనముగా ప్రసంగములు జరుగుచున్నవి. యంత్రము ధర విచారించువారేగాని, అది దేనిని భుజించునో, ఆ గ్రాస మెచ్చటినుండి రావలెనో యడుగువా రరుదు. ఏనుగును కొనుటకంటె మేపుట కష్టమని మనవా రెఱుగనిది కాదు.

1839లో ఉదజనిని ఆమ్లజనితో గూర్చి విద్యుత్తు పుట్టించిన విలియం గ్రోవ్ వృత్తిచే న్యాయవాది. మా వాడేయని యొకింత గర్వింతుము. నేటికిని ఉదజనియే ఘటమునకు సహజాహారము. కాని దాని మడి యింతంత కాదు. సహజవాయువునుండి తీసిన ఉదజనిలో కార్బన్ మోనాక్సైడు పదిలక్షల పాళ్లకు కొలది పదుల పాళ్లున్నను ప్లాటినమును పట్టి నిర్వీర్యము చేయును. కావున శుద్ధి కొక ఖర్చు. వాతావరణపు ఒత్తిడికి సుమారు 700 రెట్లు బిగించి బండి తొట్టిలో నింపుట కింకొక ఖర్చు. నీటిని విడదీసి తెత్తమందురా, కిలో యొక్కంటికి 50 మొదలు 55 యూనిట్ల విద్యుత్తు పట్టును. ఘటము మరల నిచ్చునది 16, 17 యూనిట్లు. దూరప్రయాణపు బండ్లకు దీనిని సహింపవచ్చును. తీగెపై విద్యుత్తు వచ్చుచున్న చోట ఈ నష్టమును భరింపనేల?

మెథనాలు ద్రవము గనుక డబ్బాలో మోయవచ్చును. కాని కొంత పొరను దాటి యావలికి జారి వృథాయగును, వోల్టేజి తగ్గును, ప్లాటినము హెచ్చుగా కావలెను. చిన్న పనులకే అది తగును.

ఘనాక్సైడు ఘటము వేఱు జాతి. 600 డిగ్రీలకు పైబడిన వేడిలో పనిచేయును; ప్లాటి నమక్కరలేదు. గంధకము తొలగించిన సహజవాయువును, పేడ వాయువును గూడ స్వీకరించును. మొదటిదానికి విషమైన కార్బన్ మోనాక్సైడు దీనికి భోజనమే! అయితే మాటిమాటికి ఆర్పి వెలిగించిన పగుళ్లు వచ్చును గాన బస్సునకు పనికిరాదు. రేయింబవళ్లు నడచు ఆసుపత్రికో, పాల కేంద్రమునకో తగును.

ఇట్లుండ అన్నిటికి ఉదజనియే యనుట న్యాయము గాదు. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము హరిత ఉదజనికై 19,744 కోట్ల రూపాయల ప్రణాళిక నంగీకరించెను. 2025 జనవరిలో విశాఖ చేరువ పూడిమడకలో శంకుస్థాపన జరిగెను. దినమునకు 1500 టన్నుల ఉదజని, దానినుండి మెథనాలు మున్నగునవి, ముఖ్యముగా ఎగుమతికేయని ప్రకటించిరి. ప్లాటినమును దిగుమతి చేసికొని యింధనము నెగుమతి చేయు బేరములో మన రైతునకు, మన బస్సునకు మిగులు పాలెంతయో శాసనసభలో సభ్యు లడుగవలెను. ప్రజాధనముతో కొను ప్రతి ఘటపు ఒడంబడికలోను ఇంధనము పేరు, అది దొరకు తావు, పదేండ్ల వెల వ్రాయించిన పిదపనే అధికారులు సంతకము చేయుదురు గాక.