అకాలమృత్యువు – పరదేశసైన్యము : ఒక ఋణవిచారము

మరణము సర్వప్రాణిసాధారణము. అయినను లోకము అన్ని మరణములకును సమముగ దుఃఖింపదు. నటుడొకడు యౌవనమున గతించెనన్న వార్త వచ్చినచో, మోత్కూరు వంటి చిన్నపట్టణమున గూడ సాయంకాలమునకే కూడలిలో పూలమాలతో చిత్రపటము వెలయును. పరదేశమున కావలి నిలిచి ప్రాణము విడిచిన సైనికుని పేరు వాని గ్రామపు పొలిమేర దాటి వినబడుట అరుదు. ఒకని మరణమున అశ్రువులు అధికము, విచారణ స్వల్పము; మఱియొకని మరణమున అశ్రువులును స్వల్పమే, విచారణయు స్వల్పమే. ఈ రెండు మౌనములకును మూలమొక్కటియే. అది కర్మసిద్ధాంతమును అపార్థము చేసికొనుట.

నల్లగొండ సీమ నటుల అకాలమరణములను దూరమునుండి విన్న సీమ కాదు. 2014 డిసెంబరు 6న నందమూరి జానకిరామ్ ఆకుపాముల చెంతను, 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి హరికృష్ణ అన్నెపర్తి చెంతను రహదారి ప్రమాదములకు బలియైరి. నాలుగేండ్లు నిండకమునుపే, ఒకే సీమలో, ఒకే కుటుంబమునకు రెండు దెబ్బలు. 2004 ఏప్రిల్ 17న కరీంనగర సభకు బయలుదేరిన సౌందర్య, బెంగుళూరు జక్కూరు విమానక్షేత్రమునుండి లేచిన కొన్ని క్షణములకే సోదరునితో గూడ అగ్నికి ఆహుతియైనది. 2013లో శ్రీహరి 49వ యేట, 2021లో పునీత్ రాజ్‌కుమార్ 46వ యేట పరమపదించిరి. 2023 జనవరి 27న కుప్పమున పాదయాత్రలో కుప్పకూలిన తారకరత్న ఫిబ్రవరి 18న కన్నుమూసెను.

ఇట్టి వార్త వినినంతనే ఆస్తికుల నోట వెలువడు మాట ‘ప్రారబ్ధము’. మాట శాస్త్రీయమే, ప్రయోగము మాత్రము విచారణీయము. ప్రారబ్ధవిచారము దుఃఖమును అనుభవించువాడు తన దుఃఖమును దాటుటకు ఏర్పడిన సాధనము. ఒడ్డున నిలిచినవాడు మునుగుచున్నవానిని చూచి ‘వాని ప్రారబ్ధము’ అనినచో అది తత్త్వజ్ఞానము కాదు, కర్తవ్యవిముఖత. తనకు అన్వయించుకొనినపుడు వైరాగ్యమైనది, పరునకు అన్వయించినపుడు కాఠిన్యమగును.

అకాలమృత్యువు కలదా లేదా అను ప్రశ్నను చరకసంహిత విమానస్థానమున సూటిగ ఎదుర్కొనెను. ఆయువు సర్వథా నియతమే అయినచో ఔషధమేల, పథ్యమేల, శాంతికర్మలేల అని అచటి తర్కము. అచటి దృష్టాంతము బండియిరుసు. మంచి ఇరుసు, తగిన భారముతో, తగిన బాటలో నడిచినచో తన కాలము నిండి అరిగిపోవును. అదే ఇరుసు అతిభారముచేతనో, గతుకుబాటచేతనో, తైలములేమిచేతనో నడుమనే విఱుగును. మొదటిది కాలమృత్యువు, రెండవది అకాలమృత్యువు. ఇరుసు విఱిగినపుడు ‘ఇరుసు రాత’ అని ఊరకుండు రైతు ఎచటను లేడు. భారమెంత వేసితిమి, బాట ఎట్టిది, తైలమెపుడు పోసితిమి అని అడుగును. ఇరుసు విషయమున అడుగు ప్రశ్న మనుష్యుని విషయమున అడుగకుండుట వివేకమెట్లగును?

నటుని విషయమున ఆ అతిభారము అధ్యాసరూపమున నుండును. నటుడు వేషమును ధరించును; ప్రేక్షకుడు వేషమునే నటునిగా గ్రహించును; కొంతకాలమునకు నటుడే తానా వేషమని భ్రమించు ప్రమాదము కలదు. వేదాంతము రజ్జుసర్పదృష్టాంతముతో చెప్పు విషయమును చిత్రసీమ ప్రతిదినము ప్రత్యక్షముగ చూపుచున్నది. 2000లో తొలిచిత్రముతోనే విజయమందిన ఉదయ్ కిరణ్, 2014 జనవరి 5న, 33 యేండ్ల ప్రాయమున, స్వయముగ జీవితమును ముగించెను. ఆయన అంతరంగము పరులకు అగోచరము. కారణనిర్ణయము ఎవరికిని తగదు. అయినను ఒక్కటి స్పష్టము. జయకాలమున వేషమునకు హారతి పట్టిన లోకము, వేషము తొలగినపుడు ఆ మనుష్యుని వంక చూచుట మఱచును. మనోవ్యథలో నున్నవానికి ప్రథమౌషధము వేదాంతోపన్యాసము కాదు. తోడుగ కూర్చుండు మనుష్యుడు, చికిత్స చేయు వైద్యుడు. శోకమూఢుడైన అర్జునునికి సైతము ఉపదేశమునకు పూర్వమే సారథి తోడుగ నుండెను.

ఇక ఆయుధధారి. మోత్కూరు నిజాము సంస్థానములోని గ్రామమై యున్న కాలమున, 1914లో, హైదరాబాదు అశ్వికదళము ఈజిప్టునకు తరలి సూయజ్ కాలువను కాచెను. పిదప పాలస్తీనా యుద్ధరంగమున నిలిచెను. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలియందలి మూడు శిల్పములు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు దళముల స్మృతిచిహ్నములు. 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానక్షేత్రమును కాచిన దళములలో నిజాము సంస్థానపు పదాతులుండిరి. ఆ యుద్ధములు వారివి కావు. అర్జునుడు రథమును ఉభయసేనల మధ్య నిలిపించి, ఎవరితో, ఎందులకు పోరవలెనో అడిగి, తెలిసికొని పోరెను. పరదేశమునకు పంపబడిన సామాన్యసైనికునకు ఆ అవకాశమెక్కడిది? అతడడుగజాలని ప్రశ్నను అతనిని పంపువారు అడుగవలెను. అడుగనిచో ఆ కర్మభారము సైనికునిది కాదు, పంపినవారిది. ప్రజల పుణ్యపాపములలో రాజునకు భాగము కలదను రాజధర్మమునకు అర్థమిదియే.

స్వదేశసీమారక్షణము వేఱు. సూర్యాపేట వాస్తవ్యుడైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరస్వర్గమలంకరించెను. మరణానంతరము మహావీరచక్రము లభించెను. గృహద్వారమున నిలిచి పోరువాని ధర్మము నిస్సందేహము. పరగృహమున నిలిచినవాని ధర్మమే సూక్ష్మము.

పరసైన్యమును తన గృహమున నిలుపుకొనిన ఫలమును ఈ సీమయే చవిచూచెను. 1798లో నిజాము ఆంగ్లకంపెనీతో సైన్యసహకారసంధి చేసికొనెను. రక్షణకని వచ్చిన సైన్యపు వ్యయమునకై 1800లో బళ్లారి, కడప, అనంతపుర ప్రాంతములు కంపెనీపరమై దత్తమండలములైనవి. తరువాత సంస్థానమున నెలకొన్న ఆంగ్లాధీనసేన బాకీకై 1853లో బేరారు గూడ చేజారెను. రక్షకుడుగ వచ్చిన అతిథి గృహస్థునే అతిథిని చేసెను.

సనాతనధర్మము ఈ విషయమున మౌనముగ లేదు. కౌటిల్యుడు విజేతలను ధర్మవిజయి, లోభవిజయి, అసురవిజయి అని మూడు తెఱగుల విభజించెను. శరణుతో తృప్తినొందువాడు మొదటివాడు. భూమిని, ధనమును కోరువాడు రెండవవాడు. ప్రాణములను సైతము కోరువాడు మూడవవాడు. శ్రీరామచంద్రుడు లంకను జయించి, విభీషణుని పట్టాభిషిక్తుని గావించి, సేనతో గూడ మరలెను. లంకలో ఒక్క వానరమును గూడ కావలి నిలుపలేదు. అంతకుమించిన విషయము మఱొకటి కలదు. ఇంద్రుడు వరము కోరుకొమ్మనగా, రాముడు తనకై ఏమియు కోరలేదు. తన నిమిత్తము దారాపుత్రులను విడిచి వచ్చి హతులైన వానరులు జీవింపవలెనని కోరెను. విజయానంతరము రాజు ప్రథమచింత ఎవరిని గూర్చి యుండవలెనో ఇంతకన్న స్పష్టముగ చెప్పుట అశక్యము.

ఆధునికభారతము ఈ రెండు మార్గములను చూచినది. 1971 డిసెంబరు 16న ఢాకాలో జయమందిన సేన, 1972 మార్చి నాటికి మరలి వచ్చెను, అది రామమార్గము. 1987 జూలైలో శాంతిరక్షణకని శ్రీలంకకు ఏగిన సేన 1990 మార్చి వఱకు చిక్కువడెను. సుమారు 1,200 మంది సైనికులు అసువులు బాసిరి. తుదిదళము మద్రాసు రేవున దిగినపుడు స్వాగతమునకు ఆ రాష్ట్రముఖ్యమంత్రియే రాలేదు. శాంతిస్థాపన సదుద్దేశమే కావచ్చును. కాని ఎపుడు మరలవలెనో నిశ్చయింపక పంపిన సైన్యమునకు సదుద్దేశము కవచము కాజాలదు.

ఆయుఃప్రమాణముతో జీవితసాఫల్యమును కొలువరాదనుట సత్యమే. శంకరభగవత్పాదులు 32 యేండ్లు, వివేకానందస్వామి 39 యేండ్లు మాత్రమే దేహధారులై యుండిరి. కాని ఆ సత్యము ఇతరుల ఆయువును నిర్లక్ష్యము చేయుటకు అనుజ్ఞాపత్రము కాదు.

భాద్రపద బహుళ చతుర్దశి, మహాలయామావాస్యకు ముందుదినము, శస్త్రహతచతుర్దశి. శస్త్రముచే హతులైనవారికిని, ప్రమాదాదులచే అపమృత్యువు నొందినవారికిని పెద్దలు ఒకే తిథిని నిర్దేశించిరి. రహదారిపై రాలిన నటునికిని, పరభూమిపై ఒరిగిన సైనికునికిని శ్రాద్ధదినమొక్కటియే. లోకము కల్పించిన వైషమ్యమును శాస్త్రము అంగీకరింపలేదు. పితృతర్పణము విడుచువారు ఆ దినమున పరదేశములందు ఒరిగిన అనామకులను గూడ స్మరించి మూడు దోసిళ్ల జలము విడువవచ్చును. అయితే జలముతో తీరు ఋణము మృతులదే. సజీవుల ఋణము ప్రశ్నతోనే తీరును: ఈ ఇరుసుపై భారమెంత, వేసినదెవరు, దింపునదెపుడు? ఈ ప్రశ్న నడుగని భక్తి అసంపూర్ణము.

ఇతి శమ్.