గేరు బండా, గేరు లేని బండా?

ఇంట్లో కాలేజీకి పోయే పిల్లలుంటే ఈ తర్జనభర్జన తప్పదు: మొదటి బండి ఏది కొనాలి? గేర్లున్న మోటారు సైకిలా, గేర్లు మార్చే పని లేని స్కూటరా? మా సంగంలోనూ ఇదే మాట. నెల్లూరుకు పోవాలన్నా, ఆత్మకూరుకు పోవాలన్నా సొంత బండి ఉంటే ఎంతో సుఖం గదా! మగపిల్లలు “గేరు లేనిది ఆడపిల్లల బండి” అని తీసిపారేస్తారు. పెద్దలేమో “గేరు లేనిదైతే నేర్చుకునేదేముంది, ఎవరైనా నడుపుతారు” అంటారు. నా దృష్టిలో ఈ రెండు మాటలూ తప్పే. ఎందుకో చూద్దాం.

అసలు గేరు ఎందుకు? మీ సైకిలునే పరిశీలించండి. పెడలు దగ్గరి పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక పళ్ళచక్రానికి 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 48÷18, అంటే సుమారు 2.7 చుట్లు తిరుగుతుంది. వేగం పెరిగింది, ఆ మేరకు తిప్పే బలం తగ్గింది. అందుకే చదును రోడ్డు మీద హాయిగా సాగే సైకిలు పెన్న కట్ట ఎక్కేటప్పుడు మొరాయిస్తుంది.

పెట్రోలు ఇంజను సంగతి ఇంకా చిత్రం. మన కాలు ఆగి ఉన్న పెడలునైనా బలంగా తొక్కగలదు. ఇంజను అలా కాదు, తిరుగుతూ ఉంటేనే దానికి బలం. కనుక బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెంచాలి. మళ్ళీ మెల్లగా కలపాలి. ఈ పని చేసేది క్లచ్చి. కలిపాక మొదట ఎక్కువ బలం, తరువాత ఎక్కువ వేగం కావాలి. దానికోసమే గేర్లు.

గేరు లేని స్కూటరులో ఈ పనులన్నీ మాయమయ్యాయా? లేదు. మనిషి చేతి నుంచి యంత్రానికి మారాయి, అంతే. అందులో రెండు పుల్లీలు, వాటిని కలుపుతూ ఒక బెల్టు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలోని చిన్న చిన్న బరువులు బయటి వైపుకు జరిగి, పుల్లీ పలకలను దగ్గరకు నొక్కుతాయి. బెల్టు పైకి ఎక్కుతుంది. వెనక పుల్లీలో పలకలు విడిపోయి బెల్టు లోపలికి దిగుతుంది. అంటే గేరు తనంతట తానే మారింది! క్లచ్చి కూడా అంతే. వేగం పెరిగితే దాని దిమ్మలు విచ్చుకొని చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుంటాయి. ఇలాంటి బెల్టు పద్ధతిని హాలెండులోని డాఫ్ కంపెనీ 1958లో తన కారులో పెట్టింది. మన దేశంలో 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరు దీన్ని ఇంటింటికీ పరిచయం చేసింది. ఇందులో ఆడ, మగ తేడా ఎక్కడుంది? ఉన్నది అపకేంద్ర బలం ఒక్కటే!

బెల్టు జారుడులో, వేడిలో కొంత శక్తి వృథా అవుతుంది. అందుకే గేర్ల మోటారు సైకిలు సాధారణంగా లీటరుకు ఎక్కువ దూరం వస్తుంది. దాని చక్రాలు కూడా పెద్దవి. గుంటల రోడ్డు మీద, చేల మధ్య మట్టి దారిలో చిన్న చక్రం గుంటలో దిగబడితే, పెద్ద చక్రం దాటిపోతుంది. రోజూ అలాంటి దారిలో బరువులు మోసే ఇంటికి మోటారు సైకిలే తగినది.

మరి నేర్చుకునేవారికో? నా ఓటు గేరు లేని బండికే. కారణం మనసు. కొత్తవాడి ధ్యాస పరిమితం. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. ఏ గేరులో ఉన్నామా అని అర సెకను తడుముకుంటే బండి 5 మీటర్లు పోయినట్టే. ఆ 5 మీటర్లలో ఒక గేదె రోడ్డు దాటవచ్చు, ఒక పసిపిల్ల పరుగెత్తవచ్చు. ముందు నిలకడ, బ్రేకు, చూపు కుదరాలి. గేర్లు ఆ తరువాత, తీరిగ్గా నేర్చుకోవచ్చు.

అయితే గేరు లేని బండికీ తన ప్రమాదం ఉంది. బెదిరిన చెయ్యి పిడిని గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకుంటూ తిప్పేస్తుంది, బండి ముందుకు దూకుతుంది. మోటారు సైకిలులోనైతే క్లచ్చి నొక్కితే బలం తెగిపోతుంది. స్కూటరులో ఆ అవకాశం లేదు, పిడి వదలాల్సిందే. ఇంకొకటి: స్కూటరులో ఎడమచేతి కింద ఉండేది వెనక బ్రేకు, మోటారు సైకిలులో అదే చోట క్లచ్చి ఉంటుంది. ఒకదాని నుంచి మరొకదానికి మారేవారు కొన్నాళ్ళు ఖాళీ మైదానంలో చెయ్యి అలవాటు చేసుకోవాలి.

“ఎవరైనా నడుపుతారు” అనే మాట ఎంత చేటో ఇప్పుడు తెలిసింది కదా! ఆ మాట నమ్మే తొమ్మిదో తరగతి పిల్లవాడి చేతికి తాళం ఇస్తున్నారు. కదిలించడం తేలికైనంత మాత్రాన ఆపడం తేలిక కాదు. బరువు, వేగం, ఘర్షణల లెక్క రెండు బండ్లకూ ఒకటే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. ఇంజను 50 సి.సి. మించకపోతే మాత్రం 16 ఏళ్ళు. మామూలు స్కూటర్లు 100 సి.సి. పైమాటే. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ వరకు జైలు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

కనుక పిల్లలూ, వయసు వచ్చేదాకా సైకిలు తొక్కండి. దాని పళ్ళు లెక్కపెట్టి, పెడలు ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం పోతుందో కొలవండి. వేగంగా వస్తూ బ్రేకు వేసి, ఎన్ని అడుగుల్లో ఆగిందో సుద్దముక్కతో గీత గీయండి. తడినేల మీద మరోసారి కొలవండి. ఆ రెండు గీతల మధ్య తేడా తెలిసినవారే రేపు ఏ బండినైనా నడపడానికి అర్హులు.