రాసిపెట్టి ఉన్నదీ, మనం చేసేదీ

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వినపడితే కాసేపు మొహం చిన్నబుచ్చుకుంటాం. పక్కింటాయన రాశికి అది తిరగబడి ఉంటే ఇంకొంచెం చిన్నబుచ్చుకుంటాం. అయినా మర్నాడు ఎం.ఆర్.టి. ఎక్కి ఆఫీసుకు వెళ్ళడం ఎవరూ మానరు. అంతా ముందే రాసిపెట్టి ఉందని సగం మనసుతో నమ్ముతూ, అంతా మన చేతిలోనే ఉన్నట్టు బతుకుతుంటాం. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసుగుతాయా? సైన్సు చదువుకున్న వాళ్ళకూ ఈ చిక్కు తప్పలేదు. జాతకం స్థానంలో జన్యువులు వచ్చాయి, అంతే. ప్రతి పనికీ కారణం, ఆ కారణానికి మరో కారణం ఉంటే, ఇక నేను నిర్ణయించేది ఏమిటి?

మన తెలుగువాడి జీవితమే ఒకటి దీనికి ఉదాహరణగా ఉంది. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో మదనపల్లెలో పుట్టారు. బళ్ళో పంతుళ్ళు మందబుద్ధి అని తేల్చారు. 1909లో మద్రాసు అడయారు సముద్రపుటొడ్డున ఆ పిల్లవాణ్ణి చూసిన దివ్యజ్ఞాన సమాజం పెద్ద లెడ్‌బీటర్, ఇతడు జగద్గురువు కాబోతున్నాడన్నాడు. ఒకే పిల్లవాడికి రెండు జోస్యాలు! 1911లో ఆయన అధిపతిగా 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్' అనే సంస్థ వెలిసింది. తిండి, బట్ట, చదువు, ప్రయాణాలు అన్నీ అనీబిసెంటు గారి పర్యవేక్షణలో, ఆ ఒక్క పీఠం కోసమే. తండ్రి నారాయణయ్య గారు పిల్లల్ని తిరిగి ఇప్పించమని మద్రాసు హైకోర్టుకెక్కి గెలిచారు. 1914లో లండనులోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. పిల్లల ఇష్టం ఏమిటో కనుక్కోలేదన్నది అందులో ఒక కారణం. అన్నేళ్ళలో ఆ మాట అడగాలని తోచింది కోర్టువారికే!

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్ శిబిరంలో, అనీబిసెంటు గారి ఎదుటే, సుమారు 3,000 మంది సభ్యుల ముందు, ఆ సంస్థను కృష్ణమూర్తి గారే రద్దు చేశారు. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్ళు.

ఇది స్వేచ్ఛా, లేక ఇదీ కారణాల ఫలితమేనా? కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. తమ్ముడు నిత్యానందకు ఏమీ కాదని పెద్దలిచ్చిన భరోసాను నమ్ముకుని ఉండగా, 1925 నవంబరులో అతను క్షయతో పోయాడు. ఆ దెబ్బ ఆయన నమ్మకాన్ని కదిలించింది. వేలమంది ముందు నిలబడి మాట్లాడగల ధైర్యమూ ఆ పెంపకం ఇచ్చిందే. అంటే కాదనడానికి కావలసిన సరంజామా అంతా వాళ్ళే సమకూర్చారు. అయినా ఆ నిర్ణయం ఆయనదేనని నేనంటాను.

ఎందుకో మా వృత్తిలోంచి చెబుతాను. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. ఆ వార్త వెన్నుపాము దాకా వెళ్ళి తిరిగొస్తుంది, మెదడు అనుమతి అడగదు. అదే కాలితో ఒకడు బంతిని తంతాడు. రెండింటికీ నరాలే కారణం. అయితే "అక్కడ పసివాడున్నాడు, తన్నకు" అంటే రెండోవాడు ఆగగలడు. సుత్తి దెబ్బకు ఎగిరే కాలికి ఎన్ని మంచి కారణాలు చెప్పినా లాభం లేదు. కారణం లేకుండా ఏదో చేసెయ్యడం స్వేచ్ఛ అనుకుంటేనే తగువు. ఒక మాట విని, తూచి, దాన్నిబట్టి మారగలగడమే స్వేచ్ఛ అనుకుంటే, కార్యకారణ సూత్రంతో దానికి విరోధమే లేదు. కృష్ణమూర్తి గారు మాత్రం దీనికి ఒప్పుకోరు. స్పష్టంగా చూసేవాడికి ఎంచుకోవలసిన అవసరమే ఉండదనేవారు. హోటల్లో మెనూ కార్డు పట్టుకుని అరగంట కూర్చునే నాబోటి వాళ్ళకు అది అందని స్థితి.

పంచాంగంలో గ్రహణం లెక్క నిమిషాలతో సహా సరిపోతుంది. చంద్రుడు పంచాంగం వినడు కనక. పిల్లవాడు వింటాడు. 12 ఏళ్ళకు పి.ఎస్.ఎల్.ఇ. ఫలితం చూసి "వీడి రాత ఇంతే" అని మనం ఫోనులో ఊళ్ళోని అమ్మమ్మకు చెబుతుంటే, పక్కగదిలో వాడికి వినపడుతుంది. ఆ మాట కూడా వాడి భవిష్యత్తుకు ఒక కారణమై కూర్చుంటుంది. సెకండరీలో పిల్లల్ని ఎక్స్‌ప్రెస్, నార్మల్ అని విడదీసే పద్ధతిని ఇక్కడి ప్రభుత్వమే 2024లో చేరిన పిల్లలతో మొదలుపెట్టి ఎత్తేసింది. మన ఇళ్ళల్లో మాత్రం స్ట్రీమింగు నడుస్తూనే ఉంది: డాక్టరు, ఇంజనీరు, ఇతరములు.

మా ఇంట్లో ఒక 'ఇతరములు' తయారవుతున్నాడు. జూనియర్ కాలేజీ వద్దు, పాలిటెక్నిక్‌లో డిజైను చదువుతానంటాడు. ఎందుకని అడిగితే మూడు కారణాలు చెప్పాడు. రెండింటిని అక్కడికక్కడే ఖండించాను. మూడోదానికి జవాబు ఇంకా వెతుక్కుంటున్నాను.