కలం పట్టించే గురువులు ఉన్నారు



గత సంచికలో చేతివృత్తుల వ్యాసం చదివాను. మన పనివాళ్లు విద్యను ఇంటి గడప దాటనివ్వలేదని, అందుకే కళలు కొడిగట్టాయని రచయిత తేల్చేశారు. గుడ్డపై కలంతో బొమ్మలు గీసే శ్రీకాళహస్తి కలంకారీ విషయంలో ఆ మాట అన్యాయం.

ఆ పని కనుమరుగవుతున్న రోజుల్లో, చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు గురువుగా నిలిచి కొత్తవాళ్ల చేత కలం పట్టించారు. ఆయన కుమారుడు గురప్పశెట్టి గారూ అదే బాటలో శిష్యులను తయారుచేశారు. 2008లో పద్మశ్రీ అందుకున్నారు.

నేర్పడమంటే బొమ్మ గీసి చూపడం కాదు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి గుడ్డను ఎంతసేపు నానబెట్టాలో, ఇనుప ముక్కలు, బెల్లం ఊరిన నీళ్లు నలుపు రంగుగా ఎప్పుడు పనికొస్తాయో, పటిక ఎక్కడ అద్దితే ఎరుపు నిలుస్తుందో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. పాలు సరిగా పట్టకపోతే గీత పాకిపోతుంది, రోజుల శ్రమ పోతుంది. అంత ఓపిక ఉన్న మనిషిని స్వార్థపరుడని ఎలా అనగలం?

లోటు గురువుల్లో లేదు. నేర్చుకున్నాక బతుకు గడవదన్న భయమే పిల్లలను దూరం చేస్తోంది. అచ్చు యంత్రంపై వేసిన నకలు గుడ్డ కలంకారీ పేరుతో చవగ్గా అమ్ముడవుతుంటే చేతిపనికి గిట్టుబాటు ఎక్కడిది?

జిల్లా పాఠశాలల్లో ఈ కళాకారులకు వారానికొక పీరియడ్, తగిన గౌరవ వేతనం ఇవ్వాలని విద్యాశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి