255 మాడ్లు, ఒక్క ఆటా లేదు

"మాడ్లు లేకుండా స్కైరిమ్ ఎవరైనా ఆడతారా?" అన్న మాట గేమర్ల మధ్య ఇప్పుడు లోకజ్ఞానం అయిపోయింది. కొత్తగా ఆట కొన్నవాడు టైటిల్ స్క్రీన్ చూడకముందే వాడి చేతిలో ఓ జాబితా పెడతారు. ఈ ముప్ఫై తప్పనిసరి, ఈ యాభై ఉంటే మంచిది, ఈ వంద నీ ఇష్టం. పెట్టుకోనివాడు ఉప్పూకారం తెలియనివాడి కింద లెక్క. ఈ లోకజ్ఞానం తప్పని నా వాదన. తప్పు మాత్రమే కాదు, రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఆడటానికి ఏదైనా మిగిలి ఉంటే దాన్ని కూడా తినేస్తున్నది ఇదే.

ఈ లోకంతో పరిచయం లేనివాళ్ళకి ఒక ముక్క. మాడ్ అంటే ఆటకి బయటివాళ్ళు, అంటే ఆడేవాళ్ళే, రాసి పంచుకునే మార్పు. కత్తి రంగు మార్చడం నుంచి కొత్త దేశాన్ని చేర్చడం దాకా ఏదైనా కావచ్చు. 2002లో మోరోవిండ్ అమ్మినప్పుడు, తాము ఆటని కట్టిన పనిముట్టునే ఆటతో పాటు ఇచ్చేసింది బెథెస్డా. 2011 నవంబరులో స్కైరిమ్ వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో దాని పనిముట్టూ ఉచితంగా ఇచ్చారు. మంచి పని. ఆ తలుపు తెరిచి ఉండబట్టే ఇన్నేళ్ళయినా ఈ ఆటల గురించి మాట్లాడుకుంటున్నాం. తలుపు తెరిచినవాళ్ళతో నాకు పేచీ లేదు. ఇంట్లోకి వచ్చీ రాగానే గోడలు పగలగొట్టడం మొదలుపెట్టేవాళ్ళతోనే.

పాత స్కైరిమ్ ఇంజిను ఒకేసారి 255 ప్లగిన్ ఫైళ్ళకి మించి మోయలేదు. అది హద్దు. మనవాళ్ళు దాన్ని టార్గెట్ అనుకున్నారు. చిన్న మాడ్లని నాలుగైదింటిని కలిపి ఒకే ఫైలుగా కుట్టి, ఖాళీ అయిన చోట్లో ఇంకొన్ని దూర్చే విద్య ఒకటి పుట్టింది. తర్వాత స్పెషల్ ఎడిషన్‌లో తేలికపాటి ప్లగిన్లనేవి వచ్చి మరో నాలుగు వేల పైచిలుకు చోట్లు దొరికాయి. చోటు దొరికాక ఊరుకుంటారా?

నాకు తెలిసిన కుర్రాడొకడు ఐటీలో పనిచేస్తాడు. రోజుకి గంటన్నర ఖాళీ దొరికితే పండగ. మొన్న దసరా సెలవుల్లో స్కైరిమ్ ఎంతవరకొచ్చిందని అడిగితే, "ఇంకా మొదలెట్టలేదన్నా, లోడ్ ఆర్డర్ ఇంకా స్టేబుల్ కాలేదు" అన్నాడు. ఏ ఫైలు ముందు ఎక్కాలి, ఏది తర్వాత ఎక్కాలి, ఏది దేన్ని చెరిపేస్తుంది, ఏది దేనితో పొసగదు... అచ్చం వాడు పగలంతా ఆఫీసులో చేసే పనే. పగలు జీతం ఇస్తారు, రాత్రి ఇవ్వరు, అంతే తేడా. ఆ గంటన్నర ఎటు పోయిందో వాడికీ తెలుసు. సంక్రాంతికైనా ఆడతాడేమో చూడాలి.

"వాడికి అదే సరదా, నీకేంటి బాధ?" అనొచ్చు. మాడ్లు పేర్చడమే వాడి హాబీ అయితే నాకే బాధా లేదు, కొందరు బొమ్మరైళ్ళు పేరుస్తారు. కానీ వీళ్ళెవరూ అలా చెప్పరు. "ఆటని ఆడదగ్గదిగా చేస్తున్నాం" అంటారు. ఆ మాట దగ్గరే నాకు కాలుతుంది. వాళ్ళు తీసేస్తున్న అసౌకర్యం చాలాసార్లు ఆట నిలబడ్డ దూలమే.

మోరోవిండ్‌నే తీసుకోండి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ తిట్టేది దాని కత్తియుద్ధాన్ని. ఎదురుగా ఎలకో పీతో ఉంటుంది, బాకు దాని ఒంట్లోంచి దూరిపోయినట్టే కనిపిస్తుంది, అయినా దెబ్బ తగలదు. తెర వెనక ఆట పాచిక వేస్తోంది. మీ నైపుణ్యం ఎంత, ఒంట్లో ఓపిక ఎంత అని చూసి తగిలిందో లేదో తేలుస్తోంది. పరిగెత్తుకుంటూ వచ్చి ఆయాసంతో కత్తి ఊపితే గురి తప్పుతుంది. నడిచి వచ్చి, నిలబడి ఊపిరి తీసుకుని కొడితే తగిలే అవకాశం పెరుగుతుంది. ఇది నచ్చనివాళ్ళకి ప్రతి దెబ్బా తగిలేలా చేసే మాడ్ ఉంది. ఎంత హాయి!

హాయి ఎంతసేపో చూద్దాం. ఈ ఆటలో ఆయుధ నైపుణ్యం దెబ్బ బలాన్ని పెంచదు, దెబ్బ తగిలే అవకాశాన్ని మాత్రమే పెంచుతుంది. ప్రతి దెబ్బా తగిలేటప్పుడు 5 పాయింట్లవాడికీ 80 పాయింట్లవాడికీ తేడా ఏముంది? ఇక శిక్షకుడి దగ్గరికి వెళ్ళి డబ్బు పోయడం ఎందుకు? సరే, నైపుణ్యాన్ని దెబ్బ బలానికి ముడిపెట్టే ఇంకో మాడ్. శత్రువులు కూడా ప్రతి దెబ్బా తగిలిస్తున్నారు కాబట్టి వాళ్ళ బలం సవరించడానికి మరోటి. ఆయాసానికి పని లేకుండా పోయింది, దానికి పని కల్పించడానికి ఇంకోటి. ఒక చిరాకు పోగొట్టుకోవడానికి నాలుగు మాడ్లు పట్టాయి. ఆ నాలుగూ కలిసి కష్టపడి, మొదట ఉన్నదాన్నే కాస్త అధ్వాన్నంగా తిరిగి కట్టాయి.

నడక సంగతీ అంతే. మొదట్లో మన పాత్ర నత్తలా నడుస్తుంది. వెంటనే వేగం పెంచే మాడ్ తెచ్చి పడేస్తారు. కానీ ఆ నత్తనడకకి ఆటలోనే ఒక జవాబుంది. దారిలో ఒకావిడ తోడు రమ్మంటుంది, గమ్యం చేర్చితే ఒక జత బూట్లిస్తుంది. తొడిగితే వేగం 200 పాయింట్లు పెరుగుతుంది, కళ్ళు మాత్రం పూర్తిగా కనబడవు. గుడ్డిగా దూసుకుపోవాలి. కొన్నాళ్ళకి ఎవడికో ఒకడికి తడుతుంది, తొడిగే క్షణంలో మంత్రాన్ని అడ్డుకునే శక్తి పూర్తిగా ఉంటే చూపు పోదని. ఆ ఒక్క క్షణం కోసం మంత్రం తయారు చేయించుకుంటాడు. నేను ఆటల్లో చూసిన హాస్యంలో, ఉదారతలో ఇది మొదటి వరసలో ఉంటుంది. వేగం మాడ్ పెట్టుకున్నవాడికి ఆ బూట్లు మామూలు బూట్లు.

దారుల మాట చెప్పకపోతే అన్యాయం. మోరోవిండ్‌లో ఎక్కడికెళ్ళాలో చూపించే బాణం గుర్తు ఉండదు. మనుషులు నోటితో చెబుతారు. ఫలానా వంతెన దాటి ఉత్తరానికి వెళ్ళు, రెండు దారులు చీలేచోట ఎడమకి తిరుగు, అని మన ఊళ్ళో అరుగు మీద కూచున్న పెద్దమనిషి చెప్పినట్టే. ఒక్కోసారి తప్పు కూడా చెబుతారు, అదీ మన ఊరిలాగే. బాణం లేదు కాబట్టే రచయితలు ఆ మాటలు రాయాల్సొచ్చింది. స్కైరిమ్‌లో బాణం ఉంది కాబట్టి చాలాచోట్ల ఎవరూ దారి చెప్పరు. బాణాన్ని ఆపేస్తే దిక్కు తోచదు. కాబట్టి స్కైరిమ్‌లో బాణం తీసే మాడ్ పెట్టినవాళ్ళకి, దారి మాటలు రాసిచ్చే మాడ్ కూడా కావాలి. మోరోవిండ్‌కేమో బాణం తెచ్చే మాడ్లు తయారయ్యాయి! ఈ ఆటలో ఉన్నది ఆ ఆటలో లేదనీ, ఆ ఆటలో ఉన్నది ఈ ఆటలో లేదనీ ఏడుపు. రెండిటినీ సవరించుకుంటూ పోతే చివరికి దేన్నయినా ఒకేలా ఆడొచ్చు. అప్పుడు రెండు ఆటలు కొనడం దేనికో.

ఇక మంచు. మోరోవిండ్ విడుదలైననాటి కంప్యూటర్లకి దూరాన్ని గీసే శక్తి లేదు. కాసింత దూరం తర్వాత అంతా మసక. ఇప్పుడు ఆ మసక తీసేసి దీవి మొత్తాన్ని కనిపించేలా చేసే ఉపకరణం ఉంది, తెరపట్టులు తీసి పెడితే కళ్ళు చెదురుతాయి. కానీ ఆడి చూడండి. పగలంతా నడిచి చేరుకున్న ఊరు, బయల్దేరిన చోటినుంచే కనిపించిపోతుంది. దీవి చిన్నదని తెలిసిపోతుంది. మసకలో ఆ దీవి దేశమంత ఉండేది. "అది కావాలని పెట్టింది కాదు, యంత్రాల చేతకానితనం" అంటారు. కావచ్చు. 1957లో మాయాబజార్‌ని నలుపు తెలుపుల్లో తీశారు, మార్కస్ బార్‌ట్లీ ఆ హద్దులోపలే వెన్నెల కాయించాడు. 2010లో దానికి రంగులద్దారు, చూసి సంతోషించినవాళ్ళూ ఉన్నారు. హద్దు ఎక్కణ్ణుంచి వచ్చిందనేది ఒక ప్రశ్న, దాని లోపల ఏం కట్టారనేది వేరే ప్రశ్న. మాడ్ల వాదం రెండో ప్రశ్న అడగదు.

పుస్తకాలు చదివేవాళ్ళకి ఇదంతా కొత్తగా ఉండకూడదు. నవలలో నచ్చని వర్ణన వచ్చింది, నెమ్మదిగా సాగే అధ్యాయం వచ్చింది, హీరో మనకి నచ్చని పని చేశాడు. కత్తెర పట్టుకుని కూచుంటామా? చదువుతాం, విసుక్కుంటాం, పక్కన పెడతాం, మళ్ళీ తీస్తాం. ఆ విసుగు వెనక ఇంకొకరి బుర్ర ఉంది. దానితో తగువు పడటానికే కదా చదివేది. ప్రతి చిరాకునీ ముందే తీసేయించుకుని ఆటలోకి వెళ్ళేవాడికి అక్కడ కనిపించేది వాడి అభిరుచుల అద్దమే. అద్దం ముందు రెండొందల గంటలు కూచోవడాన్ని "ఇమ్మర్షన్" అంటున్నారు, అదొక విడ్డూరం.

మాడ్లన్నీ ఒకటే అని నేననట్లేదు. అక్షరాలు పెద్దవి చేసే మాడ్, రంగులు పోల్చుకోలేనివాళ్ళకి సాయపడే మాడ్, ఆట మధ్యలో కూలిపోకుండా ఆపే మాడ్, వీటితో వాదం ఏముంటుంది? స్కైరిమ్‌లో చలిని తెచ్చిన ఫ్రాస్ట్‌ఫాల్ ఉంది. అసలు ఆటలో మంచుకొండల పక్కన సముద్రంలో ఈత కొట్టినా జలుబు కూడా చేయదు. ఫ్రాస్ట్‌ఫాల్ అక్కడ ఆటగాడి బతుకుని కష్టం చేసింది, అందుకే గౌరవం. 2017లో బెథెస్డాయే అలాంటిదొకటి తెచ్చింది. అయితే చలి మాడ్ పెట్టుకుని, దాని పక్కనే మోత బరువు లెక్కలేకుండా చేసే మాడ్ పెట్టి, వంద కట్టెలు సంచిలో వేసుకుని తిరిగేవాళ్ళని ఏమనాలి? చలీ కావాలి, చలి వేయనూకూడదు.

టామ్రియల్ రీబిల్ట్ వాళ్ళ పని వేరే. ఇరవై ఏళ్ళకి పైగా, పైసా తీసుకోకుండా, మోరోవిండ్ దీవి అవతలి నేలని అదే ధోరణిలో, అదే నోటిమాట దారులతో కడుతూ వస్తున్నారు. ఉన్న ఇంటికి గది చేర్చడమంటే అదీ.

నేను ఆడే మోరోవిండ్‌లో ఉన్నవి మూడు. ఇంజిను పొరపాట్లు దిద్దే కోడ్ ప్యాచ్, మిగతా తప్పులు మాత్రమే దిద్దే ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్, టామ్రియల్ రీబిల్ట్. పెట్టడానికి అరగంట పట్టదు. మీరూ అన్నీ తీసేయండి, కనీసం ఒక్క ఆటకి. పడవ దిగితే సేడా నీన్ అనే చిన్న రేవు, చేతిలో ఓ పొట్లం, బాల్మోరా వెళ్ళి కేయస్ కొసాడెస్ అనేవాణ్ణి వెతకమని ఓ మాట. పెద్ద పురుగు వీపు మీద చార్జీ ఇచ్చి పోవచ్చు, నడిచీ పోవచ్చు. నడిచి పోయేట్టయితే ఊరు దాటగానే కాస్త పైకి చూస్తూ నడవండి, ఆకాశం నుంచి ఒకడు అరుచుకుంటూ కింద పడతాడు. వాడి జేబులో ఏముందో చదివాకే వాడండి.