చెరువులో గంటలో దిగే ఏరియేటర్.. మురుగు ట్యాంకులో ఎందుకంత కష్టం?

కలిదిండి, కైకలూరు వైపు చేపల చెరువుల్లో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లను చూసే ఉంటారు. రెండు మూడు ప్లాస్టిక్ ఫ్లోట్లు, ఒక మోటారు, గేర్‌బాక్సు, రెక్కల చక్రాలు. ఇద్దరు మనుషులు గట్టు మీద బిగించి, నీళ్లలోకి తోసి, తాళ్లు కట్టి కేబుల్ కలిపితే పనైపోతుంది. పాడైతే తాడు పట్టి గట్టుకు లాగేస్తారు. పట్టణాల మురుగుశుద్ధి కేంద్రాల్లోనూ జరిగేది ఇదే పని, అంటే నీటికి ఆక్సిజన్ అందించడం. కానీ అక్కడ సామాను పాడైతే మరమ్మతుకు నెలలు పట్టొచ్చు.

కలిదిండికి దీంతో సంబంధం ఏంటంటే, ఆ ఊరు పల్లంలో ఉంది. విజయవాడ మురుగులో కొంత బుడమేరు ద్వారా, ఏలూరు వైపు నీరు తమ్మిలేరు ద్వారా కొల్లేరు చేరతాయి. కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. ఈ దారికి పక్కనే, కృష్ణా డెల్టా కాలువల శివారులో ఉన్న మండలం ఇది. పైవాళ్లు వాడి వదిలిన నీరే ఇక్కడి చెరువులకూ దిక్కు. కొల్లేరుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది కానీ, దాంతో వచ్చే నీరు మారిపోలేదు.

దేశం మొత్తం లెక్క కూడా గొప్పగా లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 అంచనా ప్రకారం పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు వస్తోంది. కట్టిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. వాస్తవంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లే. అంటే కట్టినవాటిలోనూ మూడో వంతుకు పైగా సామర్థ్యం వాడకంలో లేదు. పైపులైన్లు కలపకపోవడం, కరెంటు బిల్లులు, చెడిపోయిన సామాను.. కారణాలు చాలానే ఉన్నాయి. ఇక్కడ చూసేది చివరిదాని గురించి.

అసలు గాలి ఎందుకు?

మురుగును తినేది బ్యాక్టీరియా. దానికి ఊపిరి కావాలి. 30 డిగ్రీల వేడిలో లీటరు నీరు గాలి నుంచి పట్టుకోగలిగే ఆక్సిజన్ 7.5 మిల్లీగ్రాములు. అదే లీటరు ఇళ్ల మురుగును శుభ్రం చేయాలంటే సుమారు 250 మిల్లీగ్రాములు కావాలి. అంటే ముప్పై రెట్లకు పైనే. ఒకసారి గాలి కొట్టి వదిలేస్తే చాలదు, పెడుతూనే ఉండాలి. ఈ పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ప్రకటించారు. నేటికీ పెద్ద కేంద్రాల్లో చాలావరకు నడుస్తున్నది దాని రూపాంతరాలే. ఇలాంటి కేంద్రాల కరెంటు ఖర్చులో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ, గాలి కొట్టడానికే పోతుంది.

చెరువు ఏరియేటరే పెట్టేస్తే పోలేదా?

లెక్క వేసి చూద్దాం. రోజుకు 10 లక్షల లీటర్ల మురుగు, అంటే ఒక చిన్న పట్టణం. దానికి దాదాపు 300 కిలోల ఆక్సిజన్ కావాలి. రెండు హార్స్‌పవర్ల రెక్కల ఏరియేటర్ మంచినీటిలో ఒక యూనిట్ కరెంటుకు రెండు కిలోల దాకా కలుపుతుంది. మురుగులో సబ్బు, డిటర్జెంట్ల వల్ల అది సగానికి పడిపోతుందనుకుంటే రోజంతా తిరిగినా 36 కిలోలే. ఎనిమిది తొమ్మిది యంత్రాలు 24 గంటలూ తిరగాలి. అసాధ్యమేమీ కాదు.

అసలు ఇబ్బంది వేరు. రెక్కలు పైపై నీటినే కదిలిస్తాయి. లోతు ట్యాంకులో బురద అడుగున కూర్చుని కుళ్లుతుంది. జుట్టు, గుడ్డ పీలికలు చక్రాలకు చుట్టుకుంటాయి. మురుగు తుంపర చుట్టుపక్కల ఇళ్ల మీద పడుతుంది. విశాలమైన లోతులేని గుంటలోనైతే ఈ పద్ధతి పనిచేస్తుంది కానీ, ఎకరాలు కావాలి. చెరువు లీజులు పలికే ఈ ప్రాంతంలో మురుగు కోసం ఎకరాలు ఎవరిస్తారు? పోనీ ఇంకుడు గుంతలంటారా, నేలలో నీరు అంత పైనే ఉన్నచోట ఇంకేదెక్కడికి?

అందుకే లోతైన ట్యాంకు కట్టి అడుగు నుంచి సన్నని బుడగలు వదులుతారు. మంచినీటిలో ప్రతి మీటరు లోతుకు బుడగలోని ఆక్సిజన్‌లో సుమారు ఆరు శాతం కరుగుతుంది. లోతు పెరిగేకొద్దీ లాభం.

ఖాళీ చేస్తే తేలే ట్యాంకు

ఇక్కడే చిక్కు. మామూలు డిజైన్‌లో గాలి పైపులను ట్యాంకు అడుగున బోల్టులతో బిగిస్తారు. వాటి మీద రబ్బరు పొరలున్న డిఫ్యూజర్లు ఉంటాయి. ఆ పొరలు కొన్నేళ్లకు గట్టిపడతాయి, పూడుకుపోతాయి, చిరుగుతాయి. మార్చాలంటే ట్యాంకు ఖాళీ చేయాలి. కొల్లేటి పల్లంలో భూగర్భజలం పైనే ఉంటుంది. నేలలో దించిన ట్యాంకును ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న నీరు దాన్ని పడవలా పైకి తోస్తుంది. బరువు చాలకపోతే ట్యాంకు లేస్తుంది, గోడలు పగులుతాయి. నేల మీద కట్టొచ్చు, అప్పుడు మురుగంతా పైకి పంపు చేయాలి.

ఈ భయంతో ఖాళీ చేయడం వాయిదా పడుతుంది. చిరిగిన పొరల్లోంచి పెద్ద బుడగలు బుడబుడమంటూ వస్తుంటాయి. చూసేవాళ్లకు బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది! కరెంటు బిల్లు అంతే వస్తుంది, ఆక్సిజన్ మాత్రం అందదు.

దీనికి విరుగుడు డిజైన్ కొత్తదేమీ కాదు. ప్రధాన గాలి పైపు ట్యాంకు గోడ మీదే ఉంటుంది. దాని నుంచి వరుసకో వాల్వు, వాల్వుకో గొట్టం. గొట్టం చివర డిఫ్యూజర్లు బిగించిన ఫ్రేమును బరువు కట్టి నీళ్లలోకి దించుతారు. ఒక వరుస పాడైతే వాల్వు కట్టేసి, చైన్ పుల్లీతో పైకి లాగి, గోడ మీదే మార్చుకోవచ్చు. మిగతా వరుసలు నడుస్తూనే ఉంటాయి. ట్యాంకు ఖాళీ చేసే పనే లేదు.

లోపాలూ ఉన్నాయి. ముందు ఖర్చు ఎక్కువ. ఫ్రేము వంకరగా కూర్చుంటే గాలంతా ఎత్తుగా ఉన్న వైపు నుంచే పోతుంది కాబట్టి గైడ్ రాడ్లు తప్పనిసరి. చెత్తను ముందే ఆపే జల్లెడ సరిగా లేకపోతే గొట్టాలకు పీలికలు చుట్టుకుని ఫ్రేము పైకి రానే రాదు. అయినా చిన్న పట్టణానికి ఇదే నయం. ఫ్రేము బరువు ఇద్దరు ఎత్తగలిగినంతే ఉండాలి, బోల్టులన్నీ ఒకే సైజు కావాలి, ఉప్పుగాలికి తుప్పు పట్టని పైపులు వాడాలి, విడిభాగాలు భీమవరంలోనో ఏలూరులోనో దొరకాలి. బ్లోయర్ గది వరద మట్టానికి పైన కట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు ఏ ఎత్తుకు వచ్చిందో ఎవరూ మర్చిపోలేదు.

టెండర్లో ఏం అడగాలి?

కంపెనీల కేటలాగుల్లో ఉండేవి మంచినీటిలో తీసిన అంకెలు. మురుగులో ఎంత అందుతుందో రాసివ్వమని అడగాలి. బిల్లు చెల్లించే ముందు, ట్యాంకు నిండా నీళ్లుండగానే ఒక వరుసను స్థానిక సిబ్బంది చేతే తీయించి, మార్పించి, మళ్లీ దింపించాలి. ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి.

కరెంటు సంగతి కూడా ముందే తేలాలి. ఆక్వా రైతుకు ప్రభుత్వం యూనిట్ 1.50 రూపాయల రాయితీ ధర ప్రకటించింది. మురుగుశుద్ధికి ఏ ధర పడుతుందో, బిల్లు ఎవరు కడతారో కాగితం మీద ఉండాలి. చేపకు ఆక్సిజన్ లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములుండాలి, మురుగు ట్యాంకులో రెండు నిలిస్తే చాలు. రాత్రి మురుగు తగ్గినప్పుడు బ్లోయర్‌ను అదే వేగంతో తిప్పడం దండగ. తెల్లవారుజామున రైతు చెరువులో ముంచే డీవో మీటరు లాంటిది ట్యాంకులోనూ ఉంచి, దాన్ని బట్టి వేగం తగ్గించే డ్రైవ్ పెడితే బిల్లు తగ్గుతుంది. ఆ మీటరును వారం వారం కడిగే మనిషి జీతం కూడా అంచనాల్లో చేర్చాలి.